శరదృతుచర్య: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సీమ

శరదృతుచర్య యనగా ఆశ్వయుజ కార్తిక మాసములందు మానవుడు తన ఆహారమును, దేహపరిశ్రమను, నిద్రను, మనోవృత్తులను కాలస్వభావమునకు అనుగుణముగ దిద్దుకొను విధానము. చరకసంహితయందును సుశ్రుతసంహితయందును సూత్రస్థానమునందలి ఆఱవ అధ్యాయము, వాగ్భటుని అష్టాంగహృదయమున సూత్రస్థానమునందలి మూడవ అధ్యాయము ఈ విషయమునకు మూలస్థానములు. ఆ గ్రంథములందలి విధులు సర్వసామాన్యములే యైనను, దేశమును బట్టియు, కాలమును బట్టియు, దేహబలమును బట్టియు వానిని సవరించుకొనవలెనని శాస్త్రమే బోధించుచున్నందున, ఏ సీమ శరత్తును ఆ సీమకు విడిగ పరిశీలించుట యుక్తము. హైదరాబాదు విజయవాడల నడిమి రాజమార్గముమీద నున్న సూర్యాపేట, కోదాడలును, మూసీకి ఆవలి వైపున నున్న మిర్యాలగూడయు ఈ వ్యాసమునకు క్షేత్రము. పూర్వము ఈ మూడును నల్లగొండ జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11వ తేదీన, విజయదశమినాడు, సూర్యాపేట ప్రత్యేక జిల్లా యయ్యెను. కోదాడ అందు చేరెను. మిర్యాలగూడ నల్లగొండలోనే నిలిచెను.

నూఱు శరత్తులు బ్రదుకవలెనని వైదికులు కోరుకొన్నారు. ఆ శరత్తునే వైద్యులకు తల్లివంటిదని లౌకికులు వర్ణించినారు, ఏలయనగా ఆ ఋతువునందు రోగులకు కొదువ యుండదు. ఆయువును కొలుచుటకు మానమైన కాలమే ఆయువును పరీక్షించు కాలము కూడ నగుట ఈ ఋతువు విశేషము.

కాలస్వభావము

సంవత్సరమును ఆయుర్వేదము రెండుగ విభజించినది. శిశిర వసంత గ్రీష్మములు సూర్యుడు ప్రాణుల బలమును గ్రహించు ఆదానకాలము. వర్ష శరద్ధేమంతములు చంద్రుడు బలము నొసగు విసర్గకాలము. శరత్తు విసర్గమునకు నడిమి ఋతువు, కావున దేహబలము మధ్యమముగ నుండును. వర్షాకాలమున జలములును ఓషధులును ఆమ్లవిపాకము నొందుటచేత పిత్తము సంచితమగును. వానకును చలువకును అలవాటుపడిన శరీరమును మబ్బు విడిన సూర్యుడు ఒక్కసారి తపింపజేయుటచేత, ఆ కూడియున్న పిత్తము శరత్తున ప్రకోపించి హేమంతమున తనంతట శమించును. వాత పిత్త కఫములలో ఈ ఋతువున జాగ్రత్తపడవలసినది పిత్తమును గూర్చియే యని సంహితాకారులందఱు ఏకకంఠముగ చెప్పినారు.

ఇచట ఒక భ్రమను తొలగింపవలసియున్నది. శీతలదేశములలో ఆకులు రాలి, గాలి ఎండి, చలి ముదురు కాలమును అచటి ఆయుర్వేద గ్రంథకర్తలు పెక్కుమంది వాతఋతువుగ నెంచి, నువ్వులనూనెతో అభ్యంగమును, ఉప్పు పులుపులతో కూడిన వేడి స్నిగ్ధాహారమును విధించుచున్నారు. ఆ గాలికి అది తగినదే కావచ్చును. కాని ఆ ఉపదేశమును సూర్యాపేటకు దిగుమతి చేసికొనుట తగదు. ఇచట అక్టోబరునెల పగటి ఉష్ణోగ్రత తరచు 30 డిగ్రీల సెల్సియసును మించును. నైరుతి ఋతుపవనము సాధారణముగ ఆ నెల నడుమ వెనుదిరిగిన పిమ్మట ఆకాశము నిర్మలమై, తడినేల నుండి ఆవిరి లేచి, మధ్యాహ్నపు ఎండ చురుకుమనుచుండగా, తెల్లవారుజామున మాత్రము మంచు పడును. రాలుటకు మారుగ ఆకు దట్టమై, వరిచేలు పొట్టకు వచ్చి, గట్లమీద తంగేడు గునుగు విరగబూయు ఈ కాలము సంహితలు వర్ణించిన పిత్తఋతువునకు అక్షరాల ఉదాహరణము.

మాసగణనమున మాత్రము కొంత మెలకువ వలయును. సుశ్రుతుడు ఋతువులను సామాన్యగణనమున ఒక తీరుగను, దోషముల సంచయ ప్రకోపములను నిర్ణయించు సందర్భమున మఱియొక తీరుగను విభజించి, ఈ రెండవ గణనమున భాద్రపద ఆశ్వయుజములను వర్షర్తువుగను, కార్తిక మార్గశీర్షములను శరత్తుగను చెప్పెను. ఈ సీమకు ఆ రెండవ గణనము అప్పుడప్పుడు మిక్కిలి సరిపడును. బంగాళాఖాతపు వాయుగుండములు కోదాడ వైపునుండి లోనికి వచ్చి, ఆశ్వయుజము చివర వఱకును వాన కురిపించు సంవత్సరములు అరుదు గావు. అట్టి యేట పంచాంగమును చూచి శరత్తు వచ్చినదని శీతలాహారమునకు మారినవాడు జీర్ణశక్తిని చెఱుపుకొనును; మబ్బు విడి, బురద గట్టిపడి, ఎండ వీపున తగిలిన నాటినుండియే ఋతువును లెక్కించుట మేలు.

జలము

శరదృతుచర్యయందు ఆహారముకన్న ముందు చెప్పవలసినది నీటిని గూర్చి. పగలు సూర్యకిరణములచే తప్తమై, రాత్రి చంద్రకిరణములచే చల్లబడి, అగస్త్యనక్షత్రోదయమువలన నిర్విషమైన శరత్కాలజలమునకు చరకుడు హంసోదకమని పేరిడి, స్నానమునకును, పానమునకును, అవగాహనమునకును అది అమృతముతో సమానమని ప్రశంసించెను. వర్షాకాలమున కలగిన బురద అడుగునకు దిగి, క్రొత్తనీటి వేగము తగ్గి, చెరువులు తేటపడుట ప్రత్యక్షముగ కనబడు విషయమే. అగస్త్యుడనగా ఆకాశమున లుబ్ధకుని తరువాత అత్యంత ప్రకాశవంతమైన తార. మన అక్షాంశమునుండి చూచువారికి అది దక్షిణమున క్షితిజమునకు సుమారు 20 డిగ్రీలకు మించి పైకి రాదు. ఆశ్వయుజమున తెల్లవారకముందు మేల్కొని దక్షిణముఖముగ నిలిచిన రైతు దానిని సులభముగ గుర్తింపగలడు.

ఈ సీమలో అగస్త్యునకు ఆలయము కూడ కలదు. మిర్యాలగూడకు దిగువను, మూసీ కృష్ణలో కలియు వాడపల్లియందు మీనాక్షీ సమేత అగస్త్యేశ్వరస్వామి కొలువై యున్నాడు. ఆ లింగమును అగస్త్యమహర్షి ప్రతిష్ఠించెనని స్థలపురాణము. ఎవ్వని ఉదయముచే జలములు ప్రసన్నములగునని శాస్త్రము చెప్పుచున్నదో, ఆతని సన్నిధినే హైదరాబాదు మహానగరపు మురుగును మోసికొనివచ్చు మూసీ కృష్ణను చేరుచున్నది. కార్తికమున అచట స్నానమాడు వేలాది భక్తుల శ్రద్ధను ఎవ్వరును కాదనరు. కాని ఆ శ్రద్ధకు తగిన నీటిని వారికి ఒసగుట పాలకుల ధర్మమని, హంసోదకవర్ణనము చదివిన ప్రతివాడును గట్టిగ చెప్పవలసియున్నది. నిలుకడ బురదను తేర్పవచ్చును, ఎండ కొన్ని సూక్ష్మజీవులను నశింపజేయవచ్చును; నగరపు మలినములను, కర్మాగారముల విసర్జనములను తొలగించుట వాని పని కాదు.

రెండవ చిక్కు భూగర్భజలమునందు కలదు. ఉమ్మడి నల్లగొండ జిల్లా ఫ్లోరైడు వ్యాధికి దేశమంతట ప్రసిద్ధికెక్కినది. పటికయు సున్నమును కలిపి, ఫ్లోరైడును మడ్డితోబాటు అడుగునకు దింపు పద్ధతిని నాగపూరునందలి జాతీయ పర్యావరణ పరిశోధనసంస్థ రూపొందింపగా, దానికి నల్లగొండ పద్ధతి యనియే పేరు నిలిచెను. చూచుటకు స్ఫటికమువలె తేటగ నుండి, రుచికి హాయిగ తోచి, ఎముకలను వంచివేయు నీరు ఇచట ఉన్నదన్నమాట. దీనిని వెన్నెలలో నుంచినను దోషము పోదు. కాచిన కొలది నీరు ఇగిరి ఫ్లోరైడు పాలు మఱింత పెరుగును. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ పథకము నదీజలమును శుద్ధిచేసి ఇండ్లకు చేర్పనారంభించిన తరువాత ఈ బాధ చాలవఱకు తగ్గినది. కావున ఈ సీమలో హంసోదకవిధిని ఆచరింపదలచినవాడు శుద్ధిచేసిన కుళాయి నీటిని కాచి, మట్టికుండలో చల్లార్చి, మూతపెట్టి వాడుకొనుట సరియైన మార్గము. అందు వట్టివేరు వేయు అలవాటు శరత్తునకు చక్కగ అనుగుణము, ఉశీరమును వాగ్భటుడు ఈ ఋతువున ప్రత్యేకముగ పేర్కొన్నాడు గనుక.

వరద వచ్చిన యేట ఈ జాగ్రత్త ద్విగుణము కావలెను. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల అతివృష్టికి కోదాడ పట్టణము జలమయమై, నడిగూడెము మండలమున నాగార్జునసాగరు ఎడమకాలువకు గండిపడెను. అట్టి ముంపుల తరువాత వచ్చు శరత్తున నీటిని కాచి త్రాగుట ఏ మందుకన్నను మిన్న.

ఆహారము

మధుర, తిక్త, కషాయ రసములు పిత్తమును శమింపజేయును. కటు, ఆమ్ల, లవణములు దానిని పెంచును. శరత్తున ప్రకృతిలో లవణరసము బలపడునని శాస్త్రము చెప్పుచున్నది గనుక దానిని పైనుండి మఱింత చేర్చుట తగదు. చక్కగ ఆకలి వేసిన పిమ్మటనే, లఘువును శీతలమును అగు అన్నమును మితముగ భుజింపవలెనని చరకుని విధి. శాలిబియ్యము, గోధుమలు, యవలు, పెసలు, చక్కెర, తేనె, ఉసిరిక, పొట్ల, చేదుద్రవ్యములతో పక్వమైన నేయి ఈ ఋతువునకు పథ్యములు. పెరుగు, నూనె, జంతువుల కొవ్వు, క్షారము, ఆనూపమాంసము, తీక్ష్ణమద్యము, కడుపునిండ తినుట, ఎండ, మంచు, తూర్పుగాలి, పగటినిద్ర అపథ్యములు.

ఈ పట్టికను ఈ సీమ పంటలతో పోల్చిచూచినచో ఆశ్చర్యము కలుగును. వానాకాలపు పెసర భాద్రపదమున ఇంటికి వచ్చును. కావున పెసరపప్పు ప్రాతదైనను క్రొత్తదైనను శరత్తున ప్రతియింట నుండును. బీర, సొర, పొట్ల, కాకర పందిళ్లకు ఇదియే నిండుకాపు. ఉసిరిక కార్తికమునకు పక్వమునకు వచ్చును. గుట్టలమీది సీతాఫలము ఈ రెండు నెలలలోనే పండి, సూర్యాపేట బజారులో గంపలకొలది కుప్పలు పడును; అది అమెరికా ఖండమునుండి వచ్చినది గనుక సంహితలలో దాని ప్రస్తావము లేదు, కాని తీపియు చలువయు కల దాని గుణమును బట్టి మన వైద్యులు దానిని పిత్తశామకవర్గమునందే చేర్చినారు. మధుమేహరోగులు మాత్రము దానిని మితముగనే తినవలెను.

జొన్న సంగతి వివరముగ చెప్పదగినది. భావప్రకాశమున యావనాలమను పేర వర్ణింపబడిన జొన్న శీతలము, మధురము, లఘువు, పిత్తకఫహరము. అనగా శరత్తునకు శాస్త్రము కోరు గుణములన్నియు జొన్నయందు కలవు. సాగరు ఎడమకాలువకు 1967 ఆగస్టు 4వ తేదీన నీరు విడువబడుటకు ముందు, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములలో చెరువుక్రింది మాగాణి మినహా తక్కిన నేల చాలవఱకు మెట్టయే. బీదసాదలకు జొన్నగట్కయు జొన్నరొట్టెయు నిత్యాహారము. కాలువ వచ్చిన పిదప ఆ మెట్టలు వరిచేలై, మిర్యాలగూడ ఆసియాఖండముననే పేరుపడిన బియ్యపు మిల్లుల కూటమియై, తెల్లన్నము సంపదకు గుర్తు అయ్యెను. ఆకలి తీరినది, దానిని మించిన మేలు లేదు. ఐనను మూడుపూటల మెఱుగుపెట్టిన బియ్యమే తిని, ఎండలో శ్రమ తగ్గి, స్థౌల్యమును మధుమేహమును కొనితెచ్చుకొన్న గృహములు ఈ సీమలో నేడు అనేకము. శరత్తున రాత్రిభోజనమునకైనను జొన్నరొట్టెను, పెసరపప్పును, బీరకాయకూరను తిరిగి తెచ్చుకొనుట ఈ ప్రాంతమునకు అత్యంత సహజమైన ఋతుచర్య యని ఈ వ్యాసకర్త దృఢవిశ్వాసము.

బియ్యము తినువారు సైతము ప్రాతబియ్యమునే ఎన్నుకొనవలెను. ఏడాది నిలువయున్న ధాన్యము లఘువనియు, క్రొత్తది గురువనియు, కఫకరమనియు శాస్త్రము. వానాకాలపు వరి కార్తికమునకు కోతకు వచ్చి, మిల్లులముందు లారీలు బారులుతీరి, క్రొత్తబియ్యము అందఱి ఇండ్లకు చేరు కాలముననే జఠరాగ్ని ఇంకను పూర్ణబలము పొందకుండును. ప్రాతబియ్యము దొరకనప్పుడు క్రొత్తబియ్యమును దోరగ వేయించి వండుకొనుట, గంజి వార్చుట పెద్దలు ఎఱిగిన ఉపాయములు.

ఈ సీమ వంటలలో శరత్తునకు విరోధులు పుంటికూర పులుసు, చింతపండు, ఎండుమిర్చి, ఊరగాయలు. వీనిని పూర్తిగ విడువుమని చెప్పిన పాటించువారుండరు. పులుపును ఉసిరికతో తీర్చుకొనుట, మిరపకు మారుగ మిరియమును జీలకఱ్ఱను కొలదిగ వాడుట, అన్నమున తొలిముద్దను నేతితో తినుట సాధ్యమైన మార్గములు. ఆమ్లములలో పిత్తమును పెంచనిది ఉసిరికయు దానిమ్మయు. ఉసిరిచెట్టుక్రింద వనభోజనము చేయు కార్తికాచారమును, క్షీరాబ్ధిద్వాదశినాడు తులసితోబాటు ఉసిరికొమ్మను పూజించు ఆచారమును వాగ్భటుని శరత్పథ్యములలోని ధాత్రీఫలముతో కలిపి చదివినచో, ఆచారమునకును వైద్యమునకును నడుమ ఈ దేశమున గోడ లేదని తెలియును.

అట్లని పండుగ వంటకములన్నియు వైద్యసమ్మతములని చెప్పుట సత్యము కాదు. బతుకమ్మ తొమ్మిది దినముల నైవేద్యములలో అటుకులు, ముద్దపప్పు, పాలు, బెల్లము, నానబియ్యము మధురలఘువులై శరత్తునకు సరిపడును. వేపకాయలనబడు పిండివంటకము నూనెలో వేగినది. ముగింపుదినమైన సద్దులనాటి పెరుగన్నము, చింతపండు పులిహోర, నువ్వులసద్ది శాస్త్రము వారించిన ద్రవ్యములతో కూడినవి. వీనిని ప్రసాదమాత్రముగ, పదిమందితో పంచుకొని తిన్నచో హాని లేదు. ప్రసాదముగ పంచు మలీదముద్దను అందఱు తలయొక కొంచెము తినుటలో మితాహారము తనంతట సిద్ధించుచున్నది; వాగ్భటుడు వారించిన సౌహిత్యము, అనగా కడుపు బిగియునట్లు తినుట, ఇంటికి వచ్చి మరల విస్తరి ముందు కూర్చుండుటచే కలుగుచున్నది.

వ్యాయామమును బతుకమ్మయు

బలవంతులును స్నిగ్ధాహారము తినువారును శీతకాలమునను వసంతమునను అర్ధశక్తితో వ్యాయామము చేయవలెననియు, తక్కిన ఋతువులలో అంతకంటె మందముగ చేయవలెననియు వాగ్భటుని నియమము. నుదుటను, చంకలను చెమట పట్టి, నోటితో ఊపిరి తీయవలసివచ్చుట అర్ధశక్తికి లక్షణము; శరత్తున అంతవఱకును పోనక్కరలేదు. ఎండెక్కిన తరువాత పరుగులిడుట, చెమటలు కారునట్లు బరువులెత్తుట ఈ రెండు నెలలలో మానదగినవి. వేకువ నడకయు, సాయంకాలపు నడకయు, సూర్యనమస్కారములను నెమ్మదిగ కొలదిమాఱులు చేయుటయు, పిమ్మట శీతలీ ప్రాణాయామమును చాలును. నాలుకను గొట్టమువలె మడిచి గాలిని లోనికి పీల్చు ఈ శీతలిని హఠప్రదీపిక పిత్తహరమనియు జ్వరహరమనియు పేర్కొన్నది.

యోగాభ్యాసమును క్రొత్తగ ఆరంభింపదలచినవారికి శరత్తు శుభకాలము. హేమంత శిశిర గ్రీష్మ వర్షములందు యోగారంభము కూడదనియు, వసంతమునగాని శరత్తునగాని ఆరంభించినవాడు సిద్ధుడగుననియు ఘేరండసంహిత స్పష్టముగ చెప్పుచున్నది.

ఈ సీమ స్త్రీలకు శరత్తు ఒసగిన వ్యాయామము బతుకమ్మ. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూలతో మొదలై ఆశ్వయుజశుద్ధ అష్టమినాడు సద్దులతో ముగియు ఈ పండుగను 2014లో తెలంగాణ ప్రభుత్వము రాష్ట్రపండుగగ ప్రకటించెను. తంగేడు, గునుగు, కట్ల, బంతి, చేమంతి, గుమ్మడి పూలను వరుసలు పేర్చి, వాకిట నడుమ నుంచి, చుట్టును వలయముగ నిలిచి, ముందునకు వంగి చప్పట్లు చఱచుచు, లేచుచు, అడుగువేయుచు, పాటకు అందఱు కలసి పలుకుచు తిరుగు ఈ ఆటలో నడుము, తుంటి, మోకాళ్లు, భుజములు సమముగ కదలును. పాట దీర్ఘమగుటచే ఊపిరి క్రమబద్ధమగును. ఎంత వయసు ముదిరినను, ఎంత పసిదైనను తన శక్తికొలది తిరుగగలదు. అలసినప్పుడు వలయమునుండి తొలగి కూర్చుండి, మరల కలియగలదు. అర్ధశక్తినియమము ఇంతకంటె సుకరముగ మఱి యే వ్యాయామశాలలోను పాటింపబడదు.

కాలము ఎన్నిక ఇంకను గమనింపదగినది. శరత్తున ప్రదోషవేళ చంద్రకిరణములను సేవింపవలెనని చరక వాగ్భటు లిద్దఱును విధించినారు. బతుకమ్మ ఆట ఎండ తగ్గిన తరువాత మొదలగును. అమావాస్యనాడు చీకటిలో ఆరంభమై, దినదినము పెరుగు నెలవంక క్రింద సాగి, అష్టమినాటికి అర్ధచంద్రుడు ఆకాశమున వెలుగుచుండగా సమాప్తి పొందును. నవధాన్యపు చేలగట్ల మీద ఉదయము పూలు కోయుటకు మైళ్లు నడచుట కూడ ఈ చర్యలో భాగమే; పట్టణములలో పూలను బజారున కొనుట మొదలైన తరువాత ఆ నడక పోయినది. చెరువులో విడిచిన పూలే నీటిని శుద్ధిచేయునని విస్తారముగ చెప్పబడుచున్నను, అందువలన ఆ నీరు త్రాగుటకు యోగ్యమగునని భావింపరాదు.

కార్తికమున పత్తి ఏరుటకును వరి కోయుటకును ఎండలో నిలుచు కూలీలకు వ్యాయామోపదేశము అవసరము లేదు. వారికి కావలసినది ఛాయ. తలకు తడిగుడ్డ, నీడపట్టున మధ్యాహ్నపు విరామము, చలిమిడి, నిమ్మరసము, కాచి చల్లార్చిన నీరు, వేకువను సాయంకాలమును పనివేళలుగ మార్చుకొనుట వారి ఋతుచర్య. కోతయంత్రములు వచ్చిన తరువాత కొడవలిశ్రమ తగ్గినది. పత్తి మాత్రము నేటికిని చేతితోనే ఏరబడుచున్నది.

ధ్యానము

క్రోధము పిత్తమును ప్రకోపింపజేయును. పిత్తము క్రోధమును పెంచును. మనోదోషములైన రజస్తమస్సులకు జ్ఞానము, విజ్ఞానము, ధైర్యము, స్మృతి, సమాధి ఔషధములని చరకుడు చెప్పుటచే, ధ్యానమును చికిత్సలో చేర్చినవాడు ఆతడే యని గ్రహింపవలెను.

ఈ సీమలో ధ్యానమునకు బౌద్ధుల కాలమునుండియు ఆశ్రయము కలదు. సూర్యాపేట జిల్లా నాగారము మండలములోని ఫణిగిరిపై క్రీస్తుశకారంభ శతాబ్దములలో వర్ధిల్లిన మహావిహారము, స్తూపము, చైత్యములు, తోరణశిల్పములు త్రవ్వకములలో వెలువడినవి. అందు కొన్ని శిల్పములు 2023లో న్యూయార్కునందలి మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలలో ప్రపంచమునకు చూపబడినవి. భిక్షువులు ఆషాఢపూర్ణిమనుండి ఆశ్వయుజపూర్ణిమవఱకు ఒక్కచోటనే వర్షావాసము గడిపి, పూర్ణిమనాడు ప్రవారణ జరుపుకొని, సంఘముముందు తమ దోషములను తెలుపుమని ఒండొరులను వేడుకొని, పిమ్మట చారికకు బయలుదేరుట బౌద్ధసంప్రదాయము. శరదారంభమున మనస్సును కడిగికొను సామూహికవిధి అది.

దీనికంటెను మన ప్రకృతవిషయమునకు సమీపమైన కథ వినయపిటకములోని మహావగ్గమున కలదు. శరత్కాలవ్యాధిచే పీడితులైన భిక్షువులు త్రాగిన గంజిని, తిన్న అన్నమును వమనము చేసికొని, కృశించి, పాలిపోయి, నరములు తేలియుండగా బుద్ధుడు చూచి, వారికి నేయి, వెన్న, నూనె, తేనె, బెల్లపుపాకము అను అయిదింటిని ఔషధములుగ అనుమతించెనని అందు చెప్పబడినది. ఆ లక్షణములు పిత్తప్రకోపమునకు సంహితలు చెప్పినవానికి దగ్గఱగ నున్నవి. ఆ ఔషధములలో నేయియు తేనెయు సంహితలలోని శరత్పథ్యములే. ధ్యానము నేర్పిన గురువు ఉపవాసమును మఱింత కఠినము చేయుమనక, ముందు దేహమును నిలుపు ఔషధమును ఒసగెను. కార్తికమాసమంతయు పగలు ఉపవసించి నక్షత్రము చూచి భుజించు మన గృహిణులకు ఈ కథ తప్పక చెప్పదగినది. పిత్తప్రకృతి కలవారు, గర్భిణులు, మధుమేహమునకు మందు తీసికొనువారు దినమంతయు నీరైన ముట్టక యుండుట వ్రతముగాదు, ఆత్మపీడ. పాలు, పండ్లు, కొబ్బరినీరు గ్రహించియు వ్రతము సాగింపవచ్చును.

సూర్యాపేటకు చేరువనున్న పిల్లలమఱ్ఱిలో కాకతీయసామంతులైన రేచర్ల రెడ్లు నిర్మించిన శివాలయములును, కృష్ణాతీరమున మట్టపల్లి నృసింహక్షేత్రమును కార్తికమున జనసమ్మర్దములగును. ఇంటిలోనే ధ్యానింపదలచినవారికి వేకువ స్నానము చేసి, తులసికోటముందు దీపమునుంచి, దానిని కొంతసేపు రెప్పవేయక చూచి, కన్నులు మూసి, శ్వాసను గమనించుచు కూర్చుండుట సులభమైన క్రమము. మంచు పడుచుండగా ఆరుబయట చిరకాలము కూర్చుండుట, తడిబట్టలతో నుండుట శాస్త్రవిరుద్ధములు. ఉబ్బసము కలవారికి అపాయకరములు.

శోధనమును జ్వరములును

ప్రకోపించిన పిత్తమును వెడలించుటకు శరత్తున విరేచనమును, రక్తదోషమునకు రక్తమోక్షణమును సంహితలు విధించినవి. ఇవి వైద్యుని పర్యవేక్షణమున జరుగవలసినవే. ఇంట చేసికొనదగినది ఋతుహరీతకి: కరక్కాయచూర్ణమును వర్షర్తువున సైంధవలవణముతోను, శరత్తున చక్కెరతోను, హేమంతమున శొంఠితోను సేవింపవలెనని భావప్రకాశము. గర్భిణులకును, కృశించినవారికిని, ఉపవాసముచే నీరసించినవారికిని, పిత్తము మిక్కిలి పెరిగినవారికిని ఇది నిషిద్ధమని ఆ గ్రంథమే చెప్పుచున్నది.

జ్వరముల విషయమున మొగమోటము లేక చెప్పవలెను. వానలు తగ్గినపిమ్మట డెంగీ, మలేరియా, చికున్‌గున్యాలు ఈ పట్టణములలో ఏటేట ప్రబలును. డెంగీని తెచ్చు దోమ ఇంటిలోని తొట్లలో, కూలర్లలో, పూలకుండీల పళ్లెములలో నిలిచిన మంచినీటియందు గ్రుడ్లిడి, పగటివేళ కుట్టును. దానికి ఋతుచర్య యనగా వారమున కొకమాఱు ఆ పాత్రలను తోమి ఆరబెట్టుట. జ్వరము రెండుదినములు మించినచో పథ్యములతో కాలయాపన చేయక రక్తపరీక్ష చేయింపవలెను. డెంగీ అనుమానమున్నపుడు విరేచనము, రక్తమోక్షణము, ఆస్పిరిన్ వంటి మాత్రలు ప్రాణాంతకములు కావచ్చును. సూర్యాపేటలోను నల్లగొండలోను 2019లో ప్రభుత్వ వైద్యకళాశాలలు నెలకొన్నవి గనుక పూర్వమువలె ప్రతిదానికి హైదరాబాదునకు పరుగిడనక్కరలేదు. శాస్త్రీయముగ ఆయుర్వేదచికిత్స కోరువారికి హైదరాబాదున బూర్గుల రామకృష్ణారావు పేరిటి ప్రభుత్వ కళాశాలయు, వరంగల్లున అనంతలక్ష్మి కళాశాలయు, కోదాడవారికి చేరువగ విజయవాడలో నోరి రామశాస్త్రి కళాశాలయు కలవు. పాశ్చాత్యవైద్యమున పట్టము పొంది ఆయుర్వేదమునకు జీవితమర్పించిన ఆచంట లక్ష్మీపతి (1880–1962) వంటి మహనీయులు ఈ రెండు మార్గములకు పరస్పరవైరము లేదని తమ జీవితములచేతనే చూపిరి.

వైద్యశాలను ధర్మసంస్థగ నిలుపుట తెలుగుదేశమున క్రొత్తది కాదు. 1261లో కాకతి రుద్రమదేవి కాలమున వెలసిన మల్కాపుర శాసనము ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను పేర్కొని, వానికి భూదానము చేసిన రీతిని వివరించుచున్నది.

ఋతుసంధి

గడచు ఋతువునందలి చివరి ఏడుదినములును, వచ్చు ఋతువునందలి తొలి ఏడుదినములును ఋతుసంధి. ఆ కాలమున పూర్వపు అలవాట్లను క్రమముగ విడుచుచు, క్రొత్తవానిని క్రమముగ చేర్చుకొనవలెను. ఒక్కదినమున మార్చినచో అసాత్మ్యజములైన వ్యాధులు కలుగును. శార్ఙ్గధరుడు కార్తికమున కడపటి ఎనిమిది దినములను, మార్గశీర్షమున మొదటి ఎనిమిది దినములను యమదంష్ట్ర యని పిలిచి, అప్పుడు తక్కువ తినువాడే బ్రదుకునని హెచ్చరించెను. ఈ సీమలో సరిగ్గ ఆ పదునాఱు దినములే వరికోతలు ముగిసి, ధాన్యము అమ్ముడుపోయి, చేతికి సొమ్ము వచ్చి, విందులు సాగు కాలము. ఆ దినములందు రాత్రిభోజనమును ప్రొద్దు గ్రుంకకముందే జావతోనో, పెసరకట్టుతోనో, ఒక జొన్నరొట్టెతోనో ముగించుకొని, క్రొత్తబియ్యమును ప్రాతదానిలో మొదట నాల్గవపాలు, పిమ్మట సగము కలుపుచు అలవాటు చేసికొనవలెను. మార్గశీర్షము సగమగునప్పటికి చలి నిలదొక్కుకొని, జఠరాగ్ని బలపడును. అప్పటినుండి క్రొత్తబియ్యపు అన్నము, నువ్వులు, బెల్లము, నూనెతలంట్లు హేమంతచర్యలో విహితములు.